గాలి, కొవ్వొత్తి, పాట: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ప్రశ్నల్లో కొన్ని కొవ్వొత్తి మంట గురించి, కొన్ని పాట గురించి వచ్చాయి. చదివి చూస్తే రెండు రకాల ప్రశ్నలకూ మూలం గాలే అని తేలింది కాబట్టి అన్నింటినీ ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: ఊదుగొట్టంతో ఊదితే పొయ్యిలో నిప్పు రాజుకుంటుంది. కొవ్వొత్తిని ఊదితే ఆరిపోతుంది. గాలి ఒక్కటే అయినప్పుడు ఈ తేడా ఎందుకు వస్తుంది?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: గాలి ఒక్కటే కాని, మండే పదార్థం రెండు చోట్లా ఒకే రూపంలో ఉండదు. పొయ్యిలో ఎర్రగా కనిపించే నిప్పు ఘనరూపంలో ఉన్న బొగ్గు. మీరు ఊదిన గాలి దాని ఒంటికి ఆక్సిజన్ అందించి వెళ్ళిపోతుందే తప్ప బొగ్గును తన వెంట తీసుకుపోలేదు. చుట్టూ ఉన్న కట్టెలు, బూడిద, పొయ్యి గోడలు వేడిని పట్టి ఉంచుతాయి కనుక ఊదినందువల్ల కలిగే చల్లదనం కంటే అదనంగా అందిన ఆక్సిజన్ వల్ల పుట్టే వేడే ఎక్కువగా ఉంటుంది.

కొవ్వొత్తిలో మండేది మైనపు ముద్ద కాదు, వత్తి అసలే కాదు. మంట వేడికి కరిగిన మైనం వత్తి వెంట పైకి పాకి, కొస దగ్గర ఆవిరిగా మారి, ఆ ఆవిరి చుట్టూ ఉన్న గాలితో కలిసే చోట మండుతుంది. ఆ మంట వేడే మళ్ళీ కింది మైనాన్ని కరిగించి కొత్త ఆవిరిని పుట్టించాలి. ఈ చక్రం క్షణం తెగినా దీపం ఉండదు. ఆవిరికీ గాలికీ కలిసిన మిశ్రమంలో మంట తనంతట తాను ముందుకు పాకగల వేగం సెకనుకు అర మీటరు కూడా ఉండదు, కాని నోటితో గట్టిగా ఊదిన గాలి సెకనుకు కొన్ని మీటర్ల వేగంతో వస్తుంది. మంట దానికి ఎదురు నిలవలేక వత్తిని వదిలి పక్కకు కొట్టుకుపోతుంది, ఆవిరి పలచబడుతుంది, వత్తి చల్లబడుతుంది, మళ్ళీ అంటుకోవడానికి చాలినంత వేడి అక్కడ మిగలదు.

దీనికి సాక్ష్యం వత్తి మీదే ఉంటుంది. ఆర్పిన వెంటనే కొస దగ్గర ఎర్రటి చిన్న కణిక కనిపిస్తుంది. దాన్ని మెల్లగా మళ్ళీ ఊదండి, కణిక మరింత వెలుగుతుంది. మంటను ఆర్పిన ఊపిరే ఆ కణికను రాజేస్తుంది, ఎందుకంటే కణిక మీ పొయ్యిలోని బొగ్గు లాంటి ఘనపదార్థం. ఆ సమయంలో పైకి లేచే తెల్లటి పొగ కూడా నిజానికి పొగ కాదు, చల్లబడి సన్నటి తుంపరగా మారిన మైనపు ఆవిరి. వెలుగుతున్న పుల్లను వత్తికి తాకించకుండా ఆ తెల్లటి దారలో రెండు మూడంగుళాల ఎత్తున పట్టుకుంటే, మంట ఆ దార వెంట కిందికి దూకి వత్తిని అంటుకుంటుంది. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే 1860 క్రిస్మస్ సెలవుల్లో పిల్లలకు ఇచ్చిన ప్రసంగాల్లో ఈ ప్రయోగం చేసి చూపించాడు. గాలి ఆడని గదిలో, పెద్దవాళ్ళు దగ్గరుండగా ఎవరైనా చేసుకోవచ్చు.

అడవిని కాల్చే అగ్నికి నేస్తమైన గాలి చిన్న దీపాన్ని మాత్రం ఆర్పేస్తుందని, బక్కచిక్కినవాడితో స్నేహం ఎవరికి కావాలని ఒక సంస్కృత సుభాషితం ఉంది. నీతిగా అది బాగుంది కాని, గాలి బలాబలాలు చూసి పక్షం మార్చుకోదు. కార్చిచ్చులో ఒకచోటి మంటను గాలి తోసేసినా పక్కన మండుతున్న మానులో నిలవ ఉన్న వేడి దాన్ని మళ్ళీ అంటించగలదు, కొవ్వొత్తికి అలాంటి నిలవ వేడి లేదు. తేడా అంతా అక్కడ ఉంది.

ఆర్పేంత బలం లేని గాలి ఏం చేస్తుందన్నది ఇంకా ఆసక్తికరమైన విషయం. కొవ్వొత్తి పైన కరిగిన మైనం నిలిచే గుంట ఒకటి ఉంటుంది కదా, దాని అంచు కరిగిపోకుండా నిలవడానికి కారణం గాలే. మంట పైకి లాగుతున్న చల్లగాలి కొవ్వొత్తి ఒంటిని నలువైపులా రాసుకుంటూ పోతూ అంచును చల్లగా ఉంచుతుంది, మధ్యభాగం మాత్రం కరుగుతుంది. ఫ్యాను గాలో కిటికీ గాలో ఒక పక్క నుంచి వచ్చిందంటే మంట దానికి ఎదుటి పక్కకు వాలి ఆ పక్క అంచును కరిగిస్తుంది, గుంట తెగుతుంది, మైనం ఆ పక్కగా కారి గడ్డకడుతుంది. కరెంటు పోయిన రాత్రి కిటికీ పక్కన పెట్టిన కొవ్వొత్తి సగం మండకుండానే ఒంటిపక్కగా కరిగిపోవడం ఇందువల్లే. గాలి విడిచి విడిచి ఊపుతుంటే ఆవిరి పూర్తిగా మండే వీలు లేక మసి కూడా పెరుగుతుంది.

ఇక లాంతరు గ్లాసు గాలిని ఆపడానికే ఉందని చాలామంది అనుకుంటారు. అది పక్కగాలిని ఆపి, కింది నుంచి పైకి పోయే గాలిని ఇంకా జోరుగా లాగుతుంది. అందుకే గ్లాసు దించగానే మంట తెల్లబడి స్థిరపడుతుంది. పద్దెనిమిదో శతాబ్దం చివరలో జెనీవాకు చెందిన ఆమీ ఆర్గాండ్ చేసిన దీపం అంత వెలుగు ఇవ్వడానికి గుండ్రటి వత్తితో పాటు ఈ గ్లాసు గొట్టమూ కారణమే.

ప్రశ్న: గాలి బొత్తిగా ఆడని చోట మంట నిటారుగా, కదలకుండా ఉంటుందా?
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: గది మూసి ఉన్నా కొవ్వొత్తి తన గాలిని తానే పుట్టించుకుంటుంది. వేడెక్కి తేలికైన వాయువులు పైకి లేస్తాయి, ఆ ఖాళీలోకి కింది నుంచి చల్లగాలి వస్తుంది. మంటకు ఆ మొనదేలిన ఆకారం ఇచ్చేది ఈ ప్రవాహమే. భూమ్యాకర్షణ ప్రభావం కనిపించని చోట ‘తేలిక’ అన్నదానికి అర్థం లేదు కనుక వేడిగాలి పైకి పోదు. 1992లో కొలంబియా అంతరిక్ష నౌకలోనూ, 1996లో మీర్ అంతరిక్ష కేంద్రంలోనూ కొవ్వొత్తులు వెలిగించి చూసినప్పుడు మంట మొన లేకుండా గుండ్రంగా, నీలంగా, చాలా మసకగా కనిపించింది. భగవద్గీత ఆరో అధ్యాయంలో యోగి మనసుకు ఉపమానంగా చెప్పిన, గాలిలేని చోటి దీపం కూడా భూమ్మీద వెలిగేదే కాబట్టి దానిలోనూ ఈ పైకి లేచే గాలి ఉంటుంది. లేనిది పక్కగాలి మాత్రమే.

కదలిక విషయానికి వస్తే, సన్నటి కొవ్వొత్తి ఒక్కటే ఉంటే నిలకడగా ఉంటుంది. మూడింటిని ఒక్క కట్టగా పట్టుకుని వెలిగించండి, గాలి తగలకపోయినా మంట సెకనుకు పది పన్నెండు సార్లు పొడవై పొట్టి అవుతుంది. పైకి దూసుకుపోయే వేడిగాలికీ చుట్టూ ఉన్న చల్లగాలికీ మధ్య సుడులు పుట్టి మంటను నొక్కడం వల్ల ఇలా జరుగుతుంది. మన చెవి వినగల ధ్వని సెకనుకు దాదాపు 20 కంపనాల దగ్గర మొదలవుతుంది కనుక ఈ ఊపు కంటికి లయగా కనిపిస్తుంది కాని చెవికి స్వరంగా వినిపించదు. ఇలాంటి రెండు కట్టల్ని బాగా దగ్గరగా పెడితే రెండు మంటలూ ఒకేసారి లేచి ఒకేసారి తగ్గుతాయని, కొంచెం జరిపితే ఒకటి లేచినప్పుడు రెండోది తగ్గుతుందని జపాన్ పరిశోధకులు 2009లో ప్రచురించారు. మీ కాలేజీ ప్రాజెక్టుకు ఇది బాగా పనికొస్తుంది. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే చాలు, వేరే పరికరం అక్కర్లేదు.

ప్రశ్న: మా అమ్మాయి సంగీతం నేర్చుకుంటోంది. వెలిగించిన కొవ్వొత్తి ముందు నిలబడి, మంట కదలకుండా పాడడం పాశ్చాత్యుల అభ్యాసమని ఎవరో చెప్పారట. అందులో నిజమెంత? పాడినప్పుడు గాలి బయటికి రాకుండా ఎలా ఉంటుంది? తాన్‌సేన్ దీపక రాగం పాడితే దీపాలు వెలిగాయన్న కథను నమ్మవచ్చా?
— ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: ఇటలీ సంప్రదాయంలో గాత్రం నేర్పేవారు చాలాకాలంగా చెబుతున్న అభ్యాసమే అది. గాలి అసలు రాకుండా ఎవరూ పాడలేరు. కాని పాడేటప్పుడు నోటి నుంచి వచ్చే గాలి మనం అనుకునేంత ఉండదు, సెకనుకు సుమారు 100 నుంచి 200 మిల్లీలీటర్లు. స్వరతంత్రులు చక్కగా దగ్గరపడితే ఆ కాస్త గాలే నాదమవుతుంది, సరిగ్గా దగ్గరపడకపోతే వృథాగా బయటికి పోతుంది. శబ్దం వినేవారి చెవికి చేరడానికి గాయకురాలి నోటిలోని గాలి అక్కడిదాకా ప్రయాణం చేయనక్కర్లేదు. మధ్యలో ఉన్న గాలి తన చోటనే ఉండి ముందుకూ వెనక్కూ ఊగితే చాలు. అందువల్ల గొంతు ఎంత గట్టిగా పలికినా మంట దాదాపు కదలకపోవడం, గుసగుసగా మాట్లాడితే మాత్రం వణకడం సాధ్యమే.

మన అకార సాధనకు ఈ పరీక్ష బాగా అతుకుతుంది. మంటను నోటికి జానెడు దూరంలో, అదే ఎత్తులో ఉంచి ‘ఆ’ అని షడ్జం పట్టమనండి. గొంతులో గాలి కలిసి పలికితే మంట వెంటనే చెబుతుంది. తరువాత ‘క’ అని, వెంటనే ‘ఖ’ అని పలకమనండి. ‘క’కు ఉలిక్కిపడే మంట ‘ఖ’కు వంగిపోతుంది. ‘ప’, ‘ఫ’ అయితే పెదవుల దగ్గరే గాలి విడుదలవుతుంది కనుక ఒక్కోసారి ఆరిపోతుంది కూడా. అల్పప్రాణాలకూ మహాప్రాణాలకూ ఉన్న తేడా పిల్లలకు ఇంత స్పష్టంగా చూపించే సాధనం మరొకటి లేదు. సాహిత్యంలో మహాప్రాణాలను నమిలేస్తున్నారని, లేదా మైకు ముందు ‘ప’కారాలు పేలుతున్నాయని గురువులు అనడం వింటూ ఉంటాం; ఆ రెండు లోపాలూ ఈ మంట దగ్గర బయటపడతాయి. అయితే నిశ్చలమైన మంట మంచి గొంతుకు ప్రమాణపత్రం కాదు. అది గాలి పొదుపును కొలుస్తుంది, శ్రుతినీ భావాన్నీ కొలవదు. అమ్మాయి జుట్టు ముడివేసుకోవాలి, చున్నీ తీసి పక్కన పెట్టాలి.

శబ్దానికి మంట బొత్తిగా లొంగదని కూడా అనుకోకూడదు. అమెరికాకు చెందిన జాన్ లెకాంట్ ఒక సంగీత గోష్ఠిలో చెల్లో వాద్యానికి అనుగుణంగా గోడ మీది గ్యాసు దీపం ఎగరడం గమనించి 1858లో ఆ సంగతి ప్రచురించాడు. ఆ తరువాత జాన్ టిండల్ లాంటివారు శబ్దానికి స్పందించే మంటలను ప్రయోగశాలలో తయారు చేశారు. 1905 ప్రాంతంలో హైన్రిఖ్ రూబెన్స్ ఒక పొడుగాటి గొట్టానికి వరుసగా చిల్లులు పెట్టి, గ్యాసు నింపి వెలిగించి, ఒక చివర శబ్దం చేసి, ఆ తరంగం ఆకారాన్ని మంటల ఎత్తుల్లో చూపించాడు. పెద్ద స్పీకరు ముందు కొవ్వొత్తి పెడితే మంద్రస్థాయి శబ్దాలకే ఎక్కువగా ఊగుతుంది, ఎందుకంటే అక్కడ గాలి ముందుకూ వెనక్కూ జరిగే దూరం ఎక్కువ.

దీపక రాగం పాడితే దీపాలు వెలిగాయన్న తాన్‌సేన్ కథ గురించి కూడా మీరు అడిగారు. ఒక్క కొవ్వొత్తి దాదాపు 80 వాట్ల వేడిని ఇస్తుంది. మహాబలమైన గొంతులో నుంచి వచ్చే శబ్దశక్తి ఒక వాటు చేరడమే గొప్ప. కథను కథగా ఆనందించడమే మేలు.

ప్రశ్న: ఇంగ్లీషు పాటల్లో గాలిలో కొవ్వొత్తి అనే పోలిక చాలా ప్రసిద్ధమని విన్నాను. మన ‘గాలిలో దీపం’ కూడా అదేనా? సంగీతంలో కొవ్వొత్తిని వేరే విధంగా వాడిన ఉదాహరణలు ఉన్నాయా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ

జవాబు: మీరు విన్నది ‘క్యాండిల్ ఇన్ ది విండ్’ అనే పాట గురించి అయి ఉంటుంది. బెర్నీ టాపిన్ రాయగా ఎల్టన్ జాన్ స్వరపరచి 1973లో పాడిన ఆ పాట, 36 ఏళ్ళకే చనిపోయిన నటి మార్లిన్ మన్రో గురించినది. 1997 ఆగస్టు 31న పారిస్‌లో కారు ప్రమాదంలో యువరాణి డయానా మరణించినప్పుడు మాటలు మార్చి, సెప్టెంబరు 6న లండన్ వెస్ట్‌మినిస్టర్ ఆబేలో జరిగిన అంత్యక్రియల ప్రార్థనలో ఎల్టన్ జాన్ దాన్ని తిరిగి పాడాడు. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రికార్డుల్లో అది ఒకటి.

పోలిక ఎంతవరకు సరైనదో చూద్దాం. మనలో పండు వయసులో పోయినవారిని నూనె అయిపోయిన దీపంతో పోలుస్తారు. గాలికి ఆరిన కొవ్వొత్తిలో మాత్రం మైనం మిగిలే ఉంటుంది, వత్తి మిగిలే ఉంటుంది, పోయింది మంట ఒక్కటే. అకాలమరణానికి ఇంతకంటే అతికే పోలిక దొరకదు. అయితే ఆ పోలికలో గాలి పూర్తిగా బయటి శత్రువు. పైన చెప్పినట్టు గాలి లేనిదే మంటకు ఆ రూపమే లేదు. ఆ నటికీ ఆ యువరాణికీ వెలుగునిచ్చిన ప్రజాదరణే ఊపిరాడకుండా కూడా చేసిందని గుర్తు చేసుకుంటే, పోలిక కవి ఉద్దేశించిన దానికంటే లోతుగా అతికిందేమో అనిపిస్తుంది.

మన సామెత దారి వేరు. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టు అంటాం. అక్కడ జాలి దీపం మీద కాదు, చురక దాన్ని అక్కడ పెట్టినవాడి మీద. హాస్టల్ పిల్లల భద్రత గాలిలో దీపమైందని పత్రికలు శీర్షిక పెట్టినప్పుడు తప్పు గాలిదని ఎవరూ అనుకోరు. అందుకే ఆ పాట శీర్షికను మన సామెతతో తెలుగు చేస్తే శోకగీతం కాస్తా ఫిర్యాదు అవుతుంది.

నా మటుకు నాకు, సంగీతానికి కొవ్వొత్తితో అసలైన సంబంధం మాటల్లో కాక వేదిక మీద కనిపిస్తుంది. 1772లో ఆస్ట్రియా స్వరకర్త జోసెఫ్ హైడన్, ఎస్టర్‌హాజీ వంశానికి చెందిన నికోలస్ రాకుమారుడి ఆస్థానంలో ఉన్నాడు. ఆ ఏడు రాకుమారుడు హంగరీలోని తన వేసవి భవనంలో అనుకున్నదానికంటే ఎక్కువకాలం ఉండిపోయాడు. వాద్యకారులు తమ భార్యాబిడ్డలను ఐసెన్‌స్టాట్‌లో వదిలి వచ్చారు. సెలవు అడగడానికి ఎవరికీ ధైర్యం లేదు. హైడన్ తన 45వ సింఫనీ చివరి భాగాన్ని ఒక విచిత్రమైన పద్ధతిలో రాశాడు. ధాటిగా సాగుతున్న సంగీతం హఠాత్తుగా విలంబంలోకి దిగుతుంది; అక్కడి నుంచి ఒక్కొక్క వాద్యకారుడు తన వంతు ముగించి, తన స్టాండు మీది కొవ్వొత్తిని ఆర్పి, వాద్యం తీసుకుని వెళ్ళిపోతాడు. ఓబో, హార్న్, బసూన్ వంటి ఊదే వాద్యాలు ముందు వెళతాయి, తరువాత తీగవాద్యాలు ఒకటొకటిగా తగ్గుతాయి, చివరికి రెండు వయొలిన్లు మిగులుతాయి. వాటిలో ఒకటి వాయించినవాడు హైడన్ అని చెబుతారు. రాకుమారుడికి విషయం అర్థమైంది. మర్నాడే పరివారం ప్రయాణం కట్టింది.

ఇక్కడ కొవ్వొత్తి అలంకారం కోసం తెచ్చిపెట్టినది కాదు. నాటకశాలలో కరెంటు లేని రోజుల్లో స్వరలిపి చదవడానికి ప్రతి స్టాండు మీదా దీపం ఉండక తప్పదు, పని అయిపోయినవాడు దాన్ని ఆర్పకా తప్పదు. కొలువులో రోజూ చేసే ఆ చిన్న పనిని హైడన్ సంగీతంలో భాగం చేశాడు. కొలువువాళ్ళు యజమానికి పెట్టుకున్న విజ్ఞప్తుల్లో ఇంత మర్యాదైనది, ఇంత గడుసైనది నేను ఇంకోటి ఎరుగను.

రోమన్ కథోలిక చర్చిల్లో పవిత్రవారంలో జరిగే టెనెబ్రే ఆరాధనలోనూ ఇలాంటి పద్ధతి చాలాకాలం ఉంది. త్రికోణాకారపు స్టాండు మీద 15 కొవ్వొత్తులు వెలిగించి, కీర్తన ఒకటి ముగిసినప్పుడల్లా ఒకటి ఆర్పేవారు. చివరిదాన్ని ఆర్పకుండా బలిపీఠం వెనక దాచి, తిరిగి తెచ్చేవారు. గమనించవలసినది ఏమిటంటే, హైడన్ దగ్గరా ఇక్కడా దీపాన్ని ఆర్పేది గాలి కాదు, మనిషి చెయ్యి. పాట కూడా అంతే. అది గాలివాటుకు ఆగిపోదు, ఎక్కడ ముగించాలో పాడేవారు నిర్ణయించుకుంటారు. అందువల్ల సంగీతానికి ఉపమానంగా గాలిలో కొవ్వొత్తి కంటే చేత్తో ఆర్పిన కొవ్వొత్తే సరైనదని నా అభిప్రాయం.

ప్రశ్న: క్రిస్మస్ ముందు రాత్రి మా సంఘంలో కొవ్వొత్తులు పట్టుకుని పాటలు పాడుతూ వీధుల్లో నడుస్తాం. ప్రతిసారీ సగం కొవ్వొత్తులు ఆరిపోతున్నాయి. బ్యాటరీ కొవ్వొత్తులు వాడమంటారా?
— ఒక గాయక బృందం సభ్యురాలు, గుంటూరు

జవాబు: మామూలుగా నడిచే వేగం సెకనుకు ఒక మీటరు పైమాటే. అంటే గాలి అసలు లేని రాత్రి కూడా మీ కొవ్వొత్తికి అంత వేగంతో ఎదురుగాలి తగులుతుంది, మంటలో వేడిగాలి పైకి లేచే వేగమూ ఇంచుమించు అంతే కనుక మంట బాగా వెనక్కి వాలుతుంది. అడుగు వేగం తగ్గించడం మొదటి ఉపాయం. పుట్టినరోజు కేకు మీది సన్నవి కాకుండా కాస్త లావైన కొవ్వొత్తులు తీసుకోండి, వాటి గుంటలో కరిగిన మైనం ఎక్కువ కాబట్టి మంట త్వరగా తేరుకుంటుంది. వత్తి పావు అంగుళానికి మించకుండా కత్తిరించాలి. కొవ్వొత్తిని ముఖానికి ఎదురుగా కాక ఛాతీ ఎత్తులో, కొద్దిగా పక్కకు పట్టుకోవాలి. లేకపోతే చరణంలో ‘ప’, ‘ఫ’, ‘భ’ వచ్చినప్పుడల్లా పాడేవారే తమ దీపాన్ని ఆర్పుకుంటారు. కాగితం కప్పుకు అడుగున చిల్లి చేసి కొవ్వొత్తిని దూర్చేటప్పుడు మంట కప్పు అంచుకు బాగా పైన ఉండాలి, లోపలికి దిగితే కాగితం అంటుకుంటుంది. ఆ కప్పు వేడి మైనం చేతి మీద పడకుండా కాపాడుతుంది, గాలిని ఆపదు. గాలి ఆగాలంటే పైనా కిందా తెరిచి ఉన్న గాజు చిమ్నీ కావాలి. ఒకరి నుంచి ఒకరు వెలిగించుకునేటప్పుడు వెలుగుతున్నదాన్ని నిటారుగా ఉంచి, వెలగనిదాన్ని వంచండి, మైనం ఒలకదు. పదేళ్ళలోపు పిల్లలకు మాత్రం బ్యాటరీవే ఇవ్వండి.